‘మత్తు వదలరా’: మొదటిదా, రెండోదా? రూమ్మేట్ల కామెడీలో ఏది మేలు?

విశాఖలో ఇసుకతోట, మద్దిలపాలెం వైపు రూములు తీసుకుని ఉంటున్న కుర్రాళ్లూ, మధురవాడలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్లూ ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. ‘మత్తు వదలరా’ మొదటి భాగం బాగుంటుందా, రెండోదా? రెండోది ఒక్కటీ చూస్తే సరిపోదా? ఎవరిని అడిగినా ఒక్కో జవాబు వస్తుంది కాబట్టి నేననుకునేది వివరంగా రాస్తున్నాను.

రెండూ రితేష్ రానా తీసినవే. మొదటిది 2019 డిసెంబరు 25న విడుదలైంది, రెండోది 2024 సెప్టెంబరు 13న. బాబుగా శ్రీసింహా, యేసుగా సత్య రెండింట్లోనూ ఉన్నారు. సంగీతం రెండింటికీ కాలభైరవే. మొదటి దాంట్లో వీళ్లతో పాటు రూమ్‌లో మూడోవాడు అభి, ఆ పాత్ర నరేష్ అగస్త్యది. రెండో దాంట్లో ఫరియా అబ్దుల్లా చేరింది. కథలోని మలుపులు చూడనివాళ్ల కోసం వదిలేస్తాను.

మన ఊళ్లో ప్రేక్షకులు దాదాపు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఇంకా కాలేజీలో ఉన్నవాళ్లకు రెండోదే నచ్చింది. నెల జీతం మీద బతకడం మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది మొదటిదే అంటున్నారు. ఇది యాదృచ్ఛికం కాదని నా నమ్మకం.

ముందు రెండోదాని పక్షం చెప్పాలి, ఎందుకంటే వాళ్ల మాటలో బలముంది. నవ్వు లెక్కన చూస్తే రెండోదే ఎక్కువ నవ్విస్తుంది. సత్యకు అందులో దొరికినంత చోటు మొదటి దాంట్లో లేదు. యేసు పాత్ర గొప్పతనం ఏమిటంటే, ఎంత తెలివితక్కువ పని చేస్తున్నా ఆ గదిలో అందరికంటే తెలివైనవాడు తనేనని వాడికి పూర్తి నమ్మకం. ఆ నమ్మకాన్ని సత్య ముఖంలో ఒక్క క్షణం కూడా జారనివ్వడు. కళ్లు, మెడ, నడక అన్నీ ఆ ధీమాతోనే ఉంటాయి. నిండిన హాల్లో పక్కవాళ్ల నవ్వు మధ్య చూసినవాళ్లు ఆ అనుభవాన్ని ఇంకా చెప్పుకుంటున్నారంటే అది న్యాయమే. ‘‘నవ్వించడానికే కదా సినిమా, అద్దె లెక్కలెందుకు గురూ?’’ అని ఒక కుర్రాడు నాతో వాదించాడు.

నాకు మాత్రం ఆ అద్దె లెక్కే ముఖ్యం. రూమ్మేట్ల సినిమా నిలబడేదీ పడిపోయేదీ డబ్బు దగ్గరే. వాళ్ల వింత అలవాట్లూ మాటల తీరూ ఆ తర్వాతి సంగతి.

మొదటి భాగాన్ని ఒకసారి ఆ కంటితో చూడండి. హైదరాబాద్‌లో పార్సిళ్లు పంచే కుర్రాళ్లు. నెలంతా మెట్లెక్కి దిగినా వచ్చే జీతం చాలదు. క్యాష్ ఆన్ డెలివరీ దగ్గర కస్టమర్ ఇచ్చిన నోట్లలోంచి ఒక అయిదు వందల నోటును చాటుగా తప్పించి, ‘ఒక నోటు తక్కువైంది’ అనడం ఎలాగో యేసు బాబుకు నేర్పుతాడు. కథంతా ఆ ఒక్క నోటు దగ్గర మొదలవుతుంది. అయిదు వందలంటే ఎంతో రూమ్‌లో ఉండేవాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. సిలిండర్‌కు వేసుకున్న చందాలో తన వాటా అది, లేదా నెలాఖరు వారానికి మిగిలిన మొత్తం అదే. అందుకే బాబు చెయ్యి వణికితే మనకూ గుండె దడ పుడుతుంది. ఆ దడ మీదే నవ్వు వస్తుంది.

చాలామంది వీళ్లను ‘వింత మనుషులు’ అంటారు. నేను ఒప్పుకోను. యేసు పిచ్చివాడు కాదు, చేతిలో డబ్బు లేనితనం వాడికి నేర్పిన తెలివి అది. ఎంవీపీ కాలనీలోనో పెదవాల్తేరులోనో ‘టులెట్’ బోర్డు చూసి లోపలికి వెళ్లి, ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ అన్న మాట విని బయటకు వచ్చినవాళ్లు ఇలాంటి యేసును ఒకణ్ణి ఎరిగే ఉంటారు. ఓనరు ముందు ముగ్గురమే అని చెప్పి అయిదుగురిని సర్దేదీ, కరెంటు బిల్లు వచ్చిన రోజున సరిగ్గా ఊరికి వెళ్లిపోయేదీ, అవసరం వస్తే మాత్రం అర్ధరాత్రి బండి తీసేదీ వాడే. ఆ మనిషిని తెరమీద ఇంత నిజంగా చూపించడం చిన్న విషయం కాదు.

రెండో భాగానికి వచ్చేసరికి వాళ్ల పని మారిపోయింది. డెలివరీ ఉద్యోగం పోయి ‘హీ టీమ్’ అనే ప్రత్యేక దర్యాప్తు బృందంలో చేరతారు, కిడ్నాప్ కేసు పడుతుంది. డబ్బు మీద ఆశ అలాగే ఉంది, చేతివాటం కూడా ఉంది. కానీ కాజేసే మొత్తం బాగా పెద్దదైంది. అంత డబ్బు పోతుందన్నా దొరుకుతుందన్నా మనకు తగలదు, అది సినిమా డబ్బు. పైగా చేతిలో అధికారం కూడా ఉండటంతో దొరికిపోతామన్న భయం పలచబడింది. భయం తగ్గినచోట జోకులు పెంచారు. అవి పేలాయి, కాదనను. కానీ మర్నాడు గుర్తున్నది జోకులే, బాబూ యేసూ ఎలా బతుకుతున్నారన్నది కాదు.

ఇంకో తేడా. రెండో దాంట్లో చాలా నవ్వులు పాత తెలుగు సినిమాల మీదా, మీమ్‌ల మీదా ఆధారపడ్డాయి. ఫోన్‌లో అవి రోజూ చూసేవాళ్లకు సరే, మా ఇంట్లో పెద్దవాళ్లకు సగం అర్థం కాలేదు. మొదటి దాంట్లో వచ్చే టీవీ సీరియల్ పేరడీకి మాత్రం వాళ్లే ముందు నవ్వారు. సాయంత్రం అయితే సీరియళ్లు మోగే ఇంట్లో దానికి వివరణ అక్కర్లేదు కదా.

మొదటిదాని మీద వచ్చే ఫిర్యాదు కూడా ఉంది, అందులో నిజముంది. కొంతసేపటికే కథ రూమ్ వదిలి నేరం వైపు వెళ్లిపోతుంది. శవం, డ్రగ్స్, దర్యాప్తు మధ్య నవ్వు సన్నబడుతుంది. ఆ ముగ్గురినీ ఇంకాసేపు ఆ గదిలోనే ఉంచి ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది. అయినా నా ఓటు దానికే.

మిగతావాటి గురించి కూడా అడుగుతున్నారు. ‘ఈ నగరానికి ఏమైంది’ 2018లో వచ్చి, 2023లో మళ్లీ విడుదలైనా హాళ్లు నింపింది. మంచి సినిమా, కానీ అది స్నేహం కథ, రూమ్ కథ కాదు. 2023లో వచ్చిన ‘మ్యాడ్’ ఇంజినీరింగ్ హాస్టల్‌లో జరుగుతుంది. హాస్టల్‌లో అద్దె గొడవ ఉండదు కాబట్టి దాని రుచి వేరు. హిందీ వచ్చినవాళ్లు సాయి పరాంజపే 1981లో తీసిన ‘చష్మే బద్దూర్’ చూడొచ్చు. ఢిల్లీలో ముగ్గురు కుర్రాళ్లు, కిళ్లీ కొట్టులో పెరిగిపోతున్న వాళ్ల బాకీ. డబ్బు గురించి నేనన్న మాట అక్కడా కనపడుతుంది.

చూసే వరుస అడిగితే, మొదటిదే ముందు. రెండోది విడిగా చూసినా కథ అర్థమవుతుంది కానీ, యేసు ఏదైనా నోటు ముట్టుకోగానే హాలంతా ఎందుకు నవ్వుతుందో తెలియదు. మొదటిది రూమ్‌లో అందరూ ఉన్న రాత్రి పెట్టుకోండి, రెండోదానికి జనం ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం శవం, మత్తుమందుల గొడవ ఉంది కాబట్టి మొదటిది వాళ్లు పడుకున్నాకే వేసుకోండి.