చెయ్యి ఊపితే ఛార్జయ్యే వాచీ: పన్నెండేళ్ల వాడకం తర్వాత

2013లో కొన్నాను. ఏడాదికోసారి బ్యాటరీ మార్పించే పని లేదు, చేతి కదలికతోనే ఛార్జవుతుందంటే సగం అనుమానంతోనే కొన్నాను.

లోపల అర్ధచంద్రంలా చిన్న బరువు ఉంటుంది. చెయ్యి ఊగినప్పుడల్లా అది తిరిగి, పళ్లచక్రాలతో ఓ బుల్లి జనరేటర్‌ని గిర్రున తిప్పుతుంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే సర్రుమని వినిపిస్తుంది. ఆ కరెంటు మళ్లీ మళ్లీ ఛార్జయ్యే చిన్న సెల్‌లో చేరి ముళ్లను నడుపుతుంది. 1986లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ వాచీల ప్రదర్శనలో జపాన్ కంపెనీ సీకో చూపించిన పద్ధతే ఇది.

ఎంత దూరం తిరిగామన్నది దీనికి లెక్క కాదు, చెయ్యి ఊగిందా లేదా అన్నదే. బండి మీద రావులపాలెం వెళ్లొచ్చినా పెద్దగా ఎక్కదు, చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటుంది కదా. చేలగట్ల మీద నడిస్తే నయం. అన్నిటికన్నా బాగా ఎక్కేది యూరియా చల్లిన రోజు. అందుకే ఆ రోజు వాచీని కుడి చేతికి మార్చుకుంటాను. సాయంత్రం పక్కన బటన్ నొక్కితే సెకన్ల ముల్లు గబగబా ముందుకెళ్లి ఎంత ఛార్జుందో చూపిస్తుంది. అది చూస్తే నాకు ఇప్పటికీ సంబరమే.

2019లో కాలు విరిగి మంచాన పడ్డాను. వాచీ బీరువాలో ఉండిపోయింది. తీసి చూస్తే సెకన్ల ముల్లు రెండు సెకన్లకోసారి గెంతుతోంది. ఛార్జ్ అయిపోవచ్చిందని అది చెప్పే తీరు.

2021కి సెల్ ముసలిదైపోయింది. రాత్రి తీసి పెడితే తెల్లారేసరికి ఆగిపోయేది. దగ్గర్లో ఒక షాపాయన "మామూలు బ్యాటరీ వేసేస్తానండి, ఏం కాదు" అన్నాడు. ఒప్పుకోలేదు. ఛార్జింగ్‌కి పనికిరాని సెల్ వేస్తే అది లీకై మిషన్ మొత్తం పాడవుతుంది. సరైన సెల్ తెప్పించి వేరేచోట వేయించాను.

2022 జూలై వరదలో మా లంకకు కరెంటు పోయింది. ఫోన్లు, మా అబ్బాయి స్మార్ట్‌వాచీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. పడవ వచ్చే టైం అందరూ నన్నే అడిగారు. స్మార్ట్‌వాచీ కూడా ఇలా నడవదా అని మావాడి ప్రశ్న. ముళ్ల వాచీకి మైక్రోవాట్, అంటే వాట్‌లో పది లక్షలో వంతు, సరిపోతుంది. తెరకీ బ్లూటూత్‌కీ దానికి వేల రెట్లు కావాలి, మణికట్టు ఊపు అంత ఇవ్వలేదు.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకి నేనిది చెప్పను. పొలం, నడక ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని కొనచ్చు. పాతది కొంటే మాత్రం సెల్ ఏ సంవత్సరంలో మార్చారో అడిగి కొనండి.