పేజ్‌డిఫ్రాగ్, కాంటిగ్: దాగి ఉన్న సిస్టం ఫైళ్ల ముక్కలు ఇవి ఎంతవరకు కలుపుతాయి?

విండోస్ ఎక్స్‌పీలో డిఫ్రాగ్ (డిస్కులో ముక్కలుగా చెదిరిన ఫైళ్లను ఒకచోట కలిపే సాధనం) నడిపినవాళ్లకు, కదపలేని ఫైళ్లను చూపే ఆ పచ్చ గీతలు గుర్తుండే ఉంటాయి. రాత్రంతా నడిపినా అవి ఉన్నచోటు నుంచి జరిగేవి కావు. కారణం చిన్నదే. పేజ్‌ఫైల్‌ను (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు ఫైల్), రిజిస్ట్రీ ఫైళ్లను (సెట్టింగులు దాచేవి) విండోస్ లేచినప్పటి నుంచి ఆగేదాకా తన గుప్పిట్లోనే పెట్టుకుంటుంది. ఇంకో ప్రోగ్రామ్ వాటిని తెరవలేదు, తెరవలేని ఫైల్‌ను జరపడం కుదరదు.

విండోస్ సాధనాలు అందించే సిస్‌ఇంటర్నల్స్ వారి పేజ్‌డిఫ్రాగ్ ఈ చిక్కును తెలివిగా దాటింది. బూట్ సమయంలో, ఆ ఫైళ్లు ఇంకా తెరుచుకోకముందే, నీలం తెర మీద తన పని ముగించేది. ఏ ఫైల్ ఎన్ని ముక్కలుగా ఉందో ముందే చూపేది. తీసుకునే సమయం కూడా కొద్దిగానే. లోపం ఒక్కటే: డిస్కులో ఒకేచోట తగినంత ఖాళీ లేకపోతే ఏమీ చేయలేక ఊరుకునేది. అందుకే ముందు మామూలు డిఫ్రాగ్ నడిపి, తర్వాత దీన్ని ఒక్కసారికి పెట్టుకోవడమే సరైన వరస. ప్రతి బూట్‌కూ నడిచేలా పెట్టుకోవడం దండగ. విస్టా నుంచి ఇది పనిచేయదు. విండోస్ 10లో బలవంతంగా నడిపే చిట్కాల జోలికి వెళ్లకండి.

ఇప్పటి విండోస్‌లో, డిస్క్ తిరిగే హార్డ్ డిస్కే అయితే, పేజ్‌ఫైల్‌కు ఏ సాధనమూ అక్కర్లేదు. ఉన్నది తీసేసి, ఖాళీ జాగాను ఒకచోటికి చేర్చి, మళ్లీ పుట్టించడమే మందు. రన్‌లో సిస్‌డీఎం.సీపీఎల్ కొట్టి, అడ్వాన్స్‌డ్, పెర్ఫార్మెన్స్ సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దాకా వెళ్లి ‘నో పేజింగ్ ఫైల్’ ఎంచుకోండి. పక్కనున్న ‘సెట్’ బటన్ నొక్కాకే ఓకే నొక్కాలి. సగం మంది దాన్ని మరిచిపోయి, మార్పు జరగలేదని తలపట్టుకుంటారు. రీస్టార్ట్ అయ్యాక అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘డిఫ్రాగ్ సి: /ఎక్స్’ నడిపితే ఖాళీ జాగా దగ్గరికొస్తుంది. తర్వాత కస్టమ్ సైజులో మొదటి గడిలోనూ రెండో గడిలోనూ ఒకే అంకె వేయండి. రెండూ 8192 (ఎంబీ) అనుకోండి, ఫైల్ పెరగదు, తరగదు. పెరగనిది కొత్తగా ముక్కలూ కాదు. పేజ్‌ఫైల్ లేని ఆ కాసేపు బ్రౌజర్ తెరవకపోవడం మేలు, ముఖ్యంగా 4 జీబీ ర్యామ్ యంత్రాల్లో.

హైబర్‌ఫిల్ (హైబర్నేట్ చేసేటప్పుడు ర్యామ్‌లోది దాచే ఫైల్) ఇంకా తేలిక. ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ అంటే ఫైల్ పోతుంది, ‘ఆన్’ అంటే కొత్తది వస్తుంది. ఆఫ్‌లో ఉన్నంతసేపు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఉండదు.

అసలు ఇంత శ్రమ అవసరమా? 7200 ఆర్‌పీఎం డిస్కులో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు వెళ్లడానికి సుమారు 13 మిల్లీసెకన్లు పడుతుంది: తల జరగడానికి 9, పళ్లెం సగం చుట్టు తిరగడానికి 4 పైచిలుకు. పేజ్‌ఫైల్ 20 ముక్కలైనా, దాన్ని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదివే పని విండోస్‌కు ఎప్పుడూ పడదు. ఇక్కడో చిన్న తునక, అక్కడో చిన్న తునక చదువుతుంది. కాబట్టి పదీ ఇరవై ముక్కలకు కంగారు పడనక్కర్లేదు. వేలల్లో ఉంటేనే పట్టించుకోవాలి.

నిజంగా నొప్పి పుట్టించేది ఎంఎఫ్‌టీ, అంటే డిస్కులోని ఫైళ్లన్నిటి చిట్టా. ప్రతి ఫైల్‌కూ అందులో 1 కేబీ రికార్డు ఉంటుంది, 4 లక్షల ఫైళ్లకు దాదాపు 400 ఎంబీ. దానికోసం ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) పక్కన కొంత జాగా అట్టిపెడుతుంది. డిస్క్ నిండిపోయే దశకొస్తే ఆ జాగానూ మామూలు ఫైళ్లకు ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంఎఫ్‌టీ పెరగాలంటే దొరికిన సందులో దూరాల్సిందే. మీరు ఫైళ్లు చెరిపినా అది తగ్గదు. ‘డిఫ్రాగ్ సి: /ఎ /వి’ రిపోర్టు చివర దాని ముక్కల సంఖ్య ఉంటుంది. మొదటి ముక్క కదలదు కాబట్టి 2 అని ఉంటే బాగున్నట్టే. వందల్లో ఉంటే కాంటిగ్ పనికొస్తుంది.

కాంటిగ్ కూడా సిస్‌ఇంటర్నల్స్‌దే, కమాండ్ లైన్ మీద నడుస్తుంది. ‘-ఎ’ పెడితే లెక్క మాత్రమే చెబుతుంది, తీసేస్తే కలుపుతుంది. ‘-ఎఫ్’ పెడితే ఖాళీ జాగాలో అతిపెద్ద తునక ఎంతో చెబుతుంది. ముందు చూడాల్సింది అదే, ఎందుకంటే ఎంఎఫ్‌టీ కంటే అది చిన్నదైతే ఒక్కచోట పట్టదు. విండోస్ సొంత డిఫ్రాగ్ పద్ధతినే వాడుతుంది కాబట్టి డిస్కును పాడుచేస్తుందన్న భయం లేదు. కానీ స్మార్ట్ రీడింగుల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే లెక్కలు) బ్యాడ్ సెక్టార్లు పెరుగుతున్న డిస్కు మీద ఇవేవీ వద్దు, ముందు బ్యాకప్.

రిస్టోర్ పాయింట్లు దాచే సిస్టం వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డర్‌తో మాత్రం జాగ్రత్త. 4 కేబీ క్లస్టర్లున్న (ఫైళ్లకు జాగా పంచే అతిచిన్న గడులు) డిస్కులో గట్టిగా డిఫ్రాగ్ చేస్తే, ఆ కదలికలన్నీ మార్పులుగా లెక్కకొచ్చి పాత రిస్టోర్ పాయింట్లు ఎగిరిపోవచ్చు. యూఎస్‌ఎన్ జర్నల్ (ఫైళ్లలో జరిగే మార్పులు రాసుకునే చిట్టా) ముక్కలను వదిలేయడమే మంచిది. ఒకవైపు పెరుగుతూ ఇంకోవైపు తెగుతూ ఉండేదాన్ని కలిపినా నిలవదు. చెరిపేస్తే ఇండెక్సింగ్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ డిస్కంతా మొదటి నుంచి వెతుక్కోవాలి.

పార్టిషన్ కుదించబోతే ‘ఇంతకంటే తగ్గదు’ అని డిస్క్ మేనేజ్‌మెంట్ మొండికేసినా తప్పు ఈ ఫైళ్లదే. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబర్ ఈవెంట్ చూడండి, అడ్డం పడుకున్న ఫైల్ పేరు అక్కడ రాసి ఉంటుంది. పేజ్‌ఫైల్, హైబర్‌ఫిల్ అయితే పై పద్ధతులే చాలు.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని డిస్కు) ఉన్నవాళ్లకు ముక్కలు కలిపే ఈ పనేదీ అక్కర్లేదు.