కాంపౌండ్ విల్లుకు ఏ బాణం మేలు: కార్బనా, అల్యూమినియమా?

మహారాష్ట్రలోని సిరోంచ, అహేరి, బల్లార్షా వైపు కొత్తగా కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలుండే విల్లు) కొన్నవాళ్లు ముందు అడిగేది ఇదే. నాగ్‌పూర్ కుర్రాడు ఓజస్ దేవతలే 2023లో బెర్లిన్‌లో కాంపౌండ్ విలువిద్యలో ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టింది. కాంపౌండ్ మీద మోజు సహజమే. పెట్టె మీద హంటింగ్ బో అని రాసి ఉన్నా, 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. అందుకే ఇక్కడ చెప్పేదంతా గురిపలకకూ ఫోమ్ బొమ్మలకూ వేసే బాణాల సంగతే. వాటికి ఫీల్డ్ పాయింట్, అంటే బ్లేడ్లు లేని మామూలు మొన చాలు.

గడ్చిరోలి వెదురు ఎంత మంచిదైనా ఆ బాణం నాటు విల్లుకే. కాంపౌండ్ తోపుకు కణుపు దగ్గర చీలిందంటే, ఆ చీలిక విల్లు పట్టిన చేతిలో దిగుతుంది.

అల్యూమినియం షాఫ్ట్ (బాణం కాడ) మీద 2216 అని ఉంటే, అడ్డకొలత అంగుళంలో 64కి 22 వంతులు, గోడ మందం వెయ్యికి 16 వంతులు. అంగుళానికి దాదాపు 12 గ్రెయిన్లు (బాణాల బరువు కొలత, గ్రాముకు 15 పైచిలుకు) తూగుతుంది. 28 అంగుళాలు కోసి 100 గ్రెయిన్ల మొన పెడితే ఈకలు వగైరా అంతా కలిపి 480 పైచిలుకు, అంటే 31 గ్రాములు దాటుతుంది. దాదాపు అంతే గట్టిదనం ఉన్న కార్బన్ బాణం 24, 25 గ్రాముల్లో తేలుతుంది. వేగం ఎక్కువ, దూరం తప్పుగా అంచనా వేసినా కిందికి జారేది తక్కువ. అలాగని మరీ తేలికవి వద్దు. విల్లు లాగే బలంలో ఒక్కో పౌండుకు 5 గ్రెయిన్లు కనీసం, అంటే 60 పౌండ్ల విల్లుకు 300. అంతకు తగ్గితే బాణం లేకుండా నారి వదిలినట్టే, లింబ్‌లు (విల్లుకు వంగే రెండు బద్దలు) దెబ్బతింటాయి.

ఏ పదార్థం, ఏ కంపెనీ అన్నదానికన్నా గురిని నిలబెట్టేది స్పైన్, అంటే షాఫ్ట్ ఎంత వంగుతుందనే కొలత. షాఫ్ట్‌ను 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే 0.400 అంగుళం వంగిందనుకోండి, అది 400. అంకె పెరిగేకొద్దీ మెత్తన. 28 అంగుళాల బాణానికి, 100 గ్రెయిన్ల మొనకు 50 పౌండ్లయితే 500, 60కి 400, 70కి 340 దగ్గర మొదలుపెట్టి కంపెనీ చార్టుతో సరిచూసుకోవాలి. మొన బరువు పెంచినా, పొడవు పెంచినా బాణం మెత్తబడుతుంది. కోస్తే గట్టిపడుతుంది. స్నేహితుడి బాణాలు మీ విల్లులో తోక ఊపుతూ పోవడానికి చాలాసార్లు కారణం ఇదే. రెస్ట్‌ను (విల్లు మీద బాణం ఆనే చోటు) ఎంత జరిపినా ఆ ఊపు పూర్తిగా పోదు.

మన్నిక మాటకొస్తే అల్యూమినియం పక్కదెబ్బకు కాస్త వంగి అలాగే ఉండిపోతుంది. మొన అరచేతిలో ఆనించి తిప్పితే వణుకు తెలిసిపోతుంది. కార్బన్ అలా వంగి ఉండిపోదు, కానీ పగులు కంటికి కనబడకుండా దాక్కుంటుంది. గురి తప్పి రాయికో కర్రకో తగిలిన ప్రతి బాణాన్నీ రెండు కొసలా పట్టుకుని, మొహానికి దూరంగా, నాలుగు వైపులా తిప్పుతూ కొద్దిగా వంచి చూడండి. షాఫ్ట్ వెంట దూది రాయండి. చిటపటమన్నా, దూది పోగు చిక్కినా ఆ బాణాన్ని విరిచి పారేయాల్సిందే.

చంద్రపూర్ ఎండల్లో మూసి ఉన్న కారులో బాణాలు వదిలేస్తే ప్లాస్టిక్ ఈకలు వంకర్లు పోతాయి, హాట్‌మెల్ట్ జిగురుతో అతికించిన మొనలు వదులవుతాయి.

అల్యూమినియంలో, హాలు లోపల 18 మీటర్లకు వేసే లావుపాటి బాణాలు నిజంగా బాగుంటాయి, గురిపలక మీది పాయింట్ల గీతను సులువుగా తాకుతాయి. కార్బన్, అల్యూమినియం కలిపి చేసినవి బాగా ఖరీదు, మొదటి డజనుకు అవసరం లేదు. ఆరుబయట 50 పౌండ్లు దాటి వేసేవాళ్లకు నా ఓటు కార్బన్‌కే.

పూర్తిగా లాగినప్పుడు రెస్ట్ ముందు అంచు దగ్గర గుర్తు పెట్టించి, దానికి ఒక అంగుళం కలిపి కోయించండి. హాక్సా వద్దు, పోగులు చీలతాయి. గ్రైండింగ్ చక్రం కావాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి. డజనూ ఒకేసారి కోయించకండి. ఒక్కటి కోసి, చట్రానికి బిగించిన కాగితం గుండా వేసి, చిరుగు గుండ్రని రంధ్రంలా వచ్చాకే మిగతా పదకొండు.