ఆరు ఆదివారాలు, ఆరున్నర వేలు: యుద్ధ నేరాల కోర్టుల మీద కోర్సు ఎలా ఉందంటే

నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో జూనియర్‌ని. వాయిదాలు, బెయిల్ పిటిషన్లు, బోనెక్కగానే మాట మార్చే సాక్షులు, నా రోజంతా వీటితోనే అయిపోతుంది. పేపర్లో ఫలానా దేశాధ్యక్షుడి మీద అరెస్ట్ వారెంట్ అని వచ్చినప్పుడల్లా మా సీనియర్ "ఉత్త కాగితం ముక్కరా అది" అని తీసిపారేస్తుంటారు, నాకేమో అది పూర్తిగా నిజమని ఎప్పుడూ అనిపించలేదు. అందుకే చిక్కడపల్లి దగ్గర ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు (పేరు రాయను, తర్వాత వచ్చే ఫోన్లు నాకొద్దు) ఈ సబ్జెక్టు మీద ఆరు ఆదివారాల కోర్సు పెడితే 6,500 కట్టి చేరాను.

క్లాసు రెండో అంతస్తులో. కింద టిఫిన్ సెంటర్. పదకొండు అయ్యేసరికి పైన న్యూరెంబర్గ్ (రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక నాజీ నాయకులను విచారించిన ఊరు) ఉరిశిక్షల గురించి చెప్తుంటే కిందినుంచి ఉల్లిగడ్డ దోశ వాసన వస్తుంది, రెండూ కలిపి భరించడం అలవాటు చేసుకోవాలి. నలభై మందికి రెండు ఫ్యాన్లు, ఏసీ ఉంది గానీ రిమోట్ ఎవరి దగ్గరుందో ఆరు వారాల్లో తేలలేదు.

ముందు మెటీరియల్ సంగతి, ఎందుకంటే నా కోపమంతా దాని మీదే. స్పైరల్ బైండింగ్ చేసిన జిరాక్స్ పుస్తకం. అట్ట మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు (ఐసీసీ) అని రాసి, కింద హేగ్‌లోని పీస్ ప్యాలెస్ ఫోటో వేశారు. అది వేరే కోర్టు బాబూ! అక్కడ కూర్చునేది అంతర్జాతీయ న్యాయస్థానం, దేశానికీ దేశానికీ మధ్య తగాదాలు తేల్చేది, కులభూషణ్ జాదవ్ కోసం మనవాళ్ళు వెళ్ళింది దాని దగ్గరికే. మనిషిని బోనులో నిలబెట్టేది ఐసీసీ. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయని ఒకటే అనుకుంటే సివిల్ కోర్టునీ సెషన్స్ కోర్టునీ ఒకటనుకున్నట్టే. లోపల ఇంకా ఘోరం. కాంగో సాయుధ దళ నాయకుడు లుబాంగా కేసు 'విచారణలో ఉంది' అట, 2012 మార్చిలోనే తీర్పొచ్చి, పిల్లల్ని సైన్యంలో వాడుకున్నందుకు పద్నాలుగేళ్ళ శిక్ష కూడా వేస్తే. 2017 చివర్లో మూతబడ్డ యుగోస్లావియా ట్రిబ్యునల్ కూడా వీళ్ళ పుస్తకంలో ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇక చెప్పే సార్. రిటైరైన లా లెక్చరర్, గొంతు చిన్నది, మైక్ ముట్టుకోరు, ముందు రెండు వరుసల్లో కూర్చోకపోతే సగం వినపడదు. కానీ డబ్బు మొత్తం ఆయనకే ఇచ్చినా నాకు బాధ లేదు. మొదటి రోజు న్యూరెంబర్గ్ అనగానే నాజీల పేర్ల జాబితా చదువుతారనుకున్నా. ఆయన మొదలుపెట్టింది హెడ్‌ఫోన్లతో. 1945 నవంబర్‌లో విచారణ మొదలైతే ఇంగ్లీషు, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్ నాలుగు భాషల్లో ఏకకాలంలో అనువాదం నడిచింది, మాట్లాడేవాడు వేగం పెంచితే పసుపు లైటు, అసలు ఆగమంటే ఎర్ర లైటు. మన దగ్గర సాక్షి తెలుగులో ఒకటి చెప్తే జడ్జిగారు ఇంగ్లీషులో ఇంకోలా డిక్టేట్ చేస్తారు, ముద్దాయి గోడకానుకుని నిలబడి తన గురించి ఏమంటున్నారో తెలియక దిక్కులు చూస్తుంటాడు. నాకు ఆ పసుపు లైటు మీద అసూయ కలిగింది.

విచారణ జరిగింది 22 మంది మీద (అందులో ఒకడి మీద అతను ఎదురుగా లేకుండానే). 12 మందికి ఉరి, 7 మందికి జైలు, ముగ్గురు నిర్దోషులు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ మీద పెట్టిన కోర్టు కదా, న్యాయమెక్కడిది అని వెనకనుంచి ఒకతను అడిగాడు. సార్ దాటేయలేదు. కటిన్ అడవిలో వేలమంది పోలండ్ అధికారులను చంపిన నేరాన్ని సోవియట్లు అదే చార్జిషీట్‌లో జర్మన్ల మీదికి నెట్టారని, సాక్షులను విన్నాక తీర్పులో దాని ఊసే లేదని, చంపింది తామేనని మాస్కో ఒప్పుకోవడానికి 1990 దాకా పట్టిందని చెప్పారు. కోచింగ్ సెంటర్లలో ఇలా రెండు వైపులా చెప్పేవాళ్ళను నేను పెద్దగా చూడలేదు.

టోక్యో రోజున (జపాన్ యుద్ధ నాయకుల విచారణ) జస్టిస్ రాధాబినోద్ పాల్ పేరు రాగానే క్లాసంతా నిటారుగా కూర్చుంది, మనవాడు కదా. పదకొండు మంది జడ్జీల్లో ముద్దాయిలందరినీ నిర్దోషులన్నది ఆయనొక్కడే. యుద్ధానికి దిగడమే నేరమని యుద్ధం అయ్యాక చట్టం రాసి, వెనక్కెళ్ళి శిక్షిస్తారా అన్నది ఆయన వాదనలో ముఖ్యమైన ముక్క. చేసిననాటికి నేరం కానిదానికి శిక్ష లేదనే మన రాజ్యాంగం 20వ అధికరణ మొదటి క్లాజు చదివినవాళ్ళకు ఇది కొత్త కాదు. కానీ సార్ మా గర్వానికి వెంటనే బ్రేకు వేశారు. దారుణాలు జరగలేదని పాల్ అనలేదమ్మా, జరిగాయనే రాశాడు, బోనులో ఉన్న వీళ్ళే చేయించారని రుజువు కాలేదన్నాడు, ఆ రెండు మాటలకీ మధ్య తేడా తెలియకుండా జపాన్‌లో ఆయనకు యాసుకుని అనే యుద్ధ మృతుల గుడిలో స్మారకం కట్టినవాళ్ళను చూసి మీరూ చప్పట్లు కొట్టకండి అన్నారు.

నా దృష్టిలో కోర్సు మొత్తానికి నాలుగో ఆదివారం ఒక ఎత్తు. స్రెబ్రెనిత్సా, బోస్నియాలో ఊరు, యుగోస్లావియా ట్రిబ్యునల్ విచారించిన కేసు. 1995 జులైలో బోస్నియా సెర్బు సైన్యం ఎనిమిది వేల మంది దాకా ముస్లిం మగవాళ్ళను, మగపిల్లలను చంపేసింది, సరే, ఎక్కడో ఆఫీసులో కూర్చున్న జనరల్‌కీ ఆ గోతులకీ లంకె ఎలా పెడతావు? సంతకంతో ఉన్న ఆర్డర్ కాగితం ఏదీ ఎదురుగా లేదు. పైగా శవాలను పూడ్చిన కొన్ని వారాలకే యంత్రాలతో తవ్వి వేరే చోట్లకు తరలించారు. కోజ్లుక్ అనే ఊళ్ళో చంపిన చోటు ఒక బాట్లింగ్ ఫ్యాక్టరీ తన పగిలిన సీసాలు పారబోసే జాగా. దర్యాప్తు చేసినవాళ్ళు దూరంగా ఇంకో లోయలో గోతులు తవ్వితే ఎముకల మధ్య అవే ఆకుపచ్చ గాజు పెంకులు, అవే లేబుళ్ళు దొరికాయి. శవాన్ని తరలించినవాడు గాజు పెంకులు ఏరి పారేయలేడు కదా! ఇంకోపక్క ఆ సైన్యం వైర్‌లెస్ మాటలను చాటుగా విని చేత్తో నోటుపుస్తకాల్లో రాసుకున్న ఆపరేటర్లను ఒక్కొక్కరినీ పిలిచి సాక్ష్యం తీసుకున్నారు. మన దగ్గరైతే అవతలి వకీలు లేచి ముందు 65బి సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత ఎవిడెన్స్ యాక్ట్ అడిగిన ధ్రువపత్రం) ఏదీ అనేవాడు. ఎర్దెమోవిచ్ అనే సైనికుడు తనంతట తానే ఒప్పుకుని, బస్సుల్లో తెచ్చినవాళ్ళను రోజంతా కాల్చామని, తన చేత్తో డెబ్బై మంది దాకా పోయి ఉంటారని చెప్పాడు. వాడికి చివరికి పడింది ఐదేళ్ళు. ఆ జనరల్, క్రిస్టిచ్‌కు 2001లో 46 ఏళ్ళు, అప్పీల్లో 35. నేను ఇంటికెళ్ళి మా ఆఫీసులో ఉన్న ఒక మర్డర్ కేసు పంచనామా మళ్ళీ చదివాను. 'నేలపై రక్తపు మరకలు కలవు' అని ఒక్క లైను. ఏ నేల, మట్టా, సిమెంటా, ఏమీ లేదు.

1994 రువాండా జాతి నిర్మూలన మీద క్లాసు కూడా బాగుంది. అకయేసు అనే మేయర్ కేసులో మొదటి చార్జిషీట్‌లో అత్యాచారం మాటే లేదు, విచారణ మధ్యలో ఒక సాక్షి తన కూతురికి జరిగింది చెప్తే అక్కడినుంచి తీగ కదిలి 1997లో చార్జి మార్చారు, 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పు అత్యాచారం కూడా జాతి నిర్మూలన కావచ్చని తేల్చింది. చార్జి మార్చడం పాత సీఆర్‌పీసీ 216 తెలిసినవాళ్ళకు మామూలే, కాకపోతే ఆ బెంచి మీద నవనీతం పిళ్ళై లాంటి మహిళా జడ్జి ఉండి ఆ సాక్షులను తనే ప్రశ్నలు అడగడం మామూలు కాదు. సియెర్రా లియోన్, కంబోడియా రెండూ కలిపి ఇరవై నిమిషాల్లో లాగించేశారు, అది అన్యాయం.

ఆఖరి వారం ఐసీసీ. 1998 రోమ్‌లో ఈ కోర్టు పెట్టే ఒప్పందానికి 120 దేశాలు అవునంటే, 7 కాదంటే, 21 ఏమీ అనలేదు, ఆ ఏమీ అననివాళ్ళలో మనమున్నాం. భద్రతా మండలి చేతికి కేసులు పంపే, ఆపే అధికారం ఇవ్వడం, అణ్వాయుధాలను నేరంగా రాయకపోవడం మనవాళ్ళ అభ్యంతరాల్లో కొన్ని. వారెంట్ ఉత్త కాగితం ముక్కన్న మా సీనియర్ మాట నేను సార్‌తో అన్నాను. ఆయన నవ్వి, వారెంట్ ఉన్న అప్పటి సూడాన్ అధ్యక్షుడు బషీర్ 2015లో ఢిల్లీ సదస్సుకు వచ్చి వెళ్ళాడు, తన మీదా వారెంట్ ఉన్న పుతిన్ 2024లో మంగోలియా వెళ్ళి వచ్చాడు, అదేమో సభ్యదేశం కూడా, కాబట్టి మీ సీనియర్ సగం కరెక్టు అన్నారు. మిగతా సగం ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు డుటెర్టే. 2025 మార్చిలో మనీలాలో విమానం దిగితే అదే రాత్రి హేగ్‌కు ఎక్కించారు. కోర్టుకు సొంత పోలీసులు లేరు, పట్టుకునేది దేశాలే, ఊళ్ళో రాజకీయం మారినరోజు ఆ కాగితానికి కాళ్ళొస్తాయి అని. 1948 సెప్టెంబర్‌లో మన హైదరాబాద్ గొడవ కూడా భద్రతా మండలి ముందుకు వెళ్ళింది కదా సార్ అని ఒకమ్మాయి మొదలుపెట్టింది గానీ టైం అయిపోయిందన్నారు. టైం అయిపోయింది నిజమే, ఆయన మొహం చూస్తే మాత్రం హమ్మయ్య అనుకున్నట్టే ఉంది.

ప్రకటనలో గొప్పగా వేసిన మాక్ ట్రయల్ నలభై నిమిషాల్లో ముగిసింది, సగం మందికి నోరు తెరిచే అవకాశం రాలేదు. నన్నేమో అల్ మహదీకి డిఫెన్స్ లాయర్‌ని చేశారు. మాలి దేశంలోని టింబక్టులో పాత సమాధులు కూల్చిన కేసు. ముద్దాయి నేరం ఒప్పేసుకున్నాడు, ఇక నేను వాదించేదేముంది? శిక్ష తగ్గించండి మహాప్రభో అనడం తప్ప (అసలు కోర్టు 2016లో తొమ్మిదేళ్ళు వేసింది, నా జడ్జి పన్నెండు వేశాడు). రికార్డింగుల లింకు మూడు రోజులకే పనిచేయడం మానేసింది, రెండు సార్లు మెయిల్ పెట్టినా జవాబు లేదు. సర్టిఫికెట్ మీద నా ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా, ఆ మూడున్నరా సార్‌వే. ప్రాక్టీసులో ఉన్నవాళ్ళకు బాగా పనికొస్తుంది, గ్రూప్స్ కోసం బిట్లు కావాలంటే దీనికి పోకండి. చేరితే మెటీరియల్ కొనకండి, దానికి విడిగా 600 అడుగుతారు, నోట్సు మీరే రాసుకోండి. కొత్త బ్యాచ్ పెడుతున్నారని మెసేజ్ వచ్చింది. మళ్ళీ ఈ సారే చెప్తారా అని ఫోన్ చేసి అడిగితే కౌంటర్‌లో అమ్మాయి "ఫ్యాకల్టీ ఇంకా ఫైనల్ కాలేదు సార్, ఫీజు అయితే ముందే కట్టేయొచ్చు" అంది.