రంభ దగ్గర చిల్కాలో గాలం వేసిన పూట

డిసెంబరులో మా తమ్ముడు అమెరికా నుంచి వచ్చినప్పుడు వాడి సామానులో బట్టలకంటే భద్రంగా సర్దినవి రెండు గాలపు కర్రలు. "అక్కా, ఒక పూట చిల్కాలో చేపలు పట్టాలి, పడవ మాట్లాడి ఉంచు" అని ముందే ఫోన్ చేసి చెప్పాడు. వాడుండేది మిషిగన్ సరస్సుకి దగ్గర్లో. అక్కడ చార్టర్ బోటు మాట్లాడుకుంటే లైసెన్సున్న కెప్టెన్ వస్తాడట, మామూలుగా ఆరుగురికి మించి ఎక్కించుకోడట, చేపలు ఎంత లోతులో తిరుగుతున్నాయో తెర మీద కనబడుతుందట. పడవ వెనక ఏడెనిమిది గాలాలు కట్టి ఈడ్చుకుంటూ పోతే సాల్మన్ పడుతుందట. ఆ సాల్మన్ కూడా ఆ సరస్సులో పుట్టింది కాదు, 1960ల్లో తెచ్చి వదిలిందే.

ఇదంతా విన్నాక నాకు టెన్షన్ పట్టుకుంది. మాది ఒడిశాలోని బరంపురం. చిల్కా సరస్సుకి చిన్నప్పటి నుంచి పోతూనే ఉన్నాం. పడవెక్కడం, కాళీజాయి అమ్మవారికి దండం పెట్టుకోవడం, పీతల కూర తిని రావడం, అంతే. గాలం వేయించి తీసుకొచ్చే పడవ ఉందా అని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగితే అలాంటి ప్యాకేజీ ఎక్కడా దొరకలేదు. టూరిస్టు పడవలకి దీవుల లెక్కన రేట్లు. గాలం మాటెత్తితే "అది మా పని కాదు" అన్నారు. ఒక రకంగా న్యాయమే. చిల్కాలో చేపల వేట జాలరుల సహకార సంఘాలది, ఏ నీటిలో ఎవరు వల వేయాలో వాళ్ళ లెక్కలు వాళ్ళకుంటాయి. ఆ నీటి మనిషి ఒకడు వెంట లేకుండా పోవడం మర్యాద కూడా కాదు.

ఎటు వైపు నుంచి వెళ్ళాలన్నది తర్వాతి తలనొప్పి. చిల్కా పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల్లో పరుచుకుని ఉంది. వానాకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లు దాటుతుంది, ఎండలు ముదిరేసరికి 900 దగ్గరికి తగ్గుతుంది. ఒక్కో ఒడ్డుది ఒక్కో ప్రపంచం. పూరీ వైపు సాతపడా డాల్ఫిన్ల చోటు. 2000లో సరస్సు నీళ్ళు సముద్రంలో కలిసేలా కొత్త ముఖం తవ్వింది కూడా ఆ వైపే. పదేళ్ళ కిందట వెళ్ళాం. ఇరావడి డాల్ఫిన్ వీపు రెండుసార్లు పైకి తేలింది, బాగుంది. ఆ తర్వాత ఒక దీవిలో దింపి, మా కళ్ళ ముందే ఆల్చిప్ప పగలగొట్టి "ముత్యం" అమ్మారు. మా ఆయన కొనేశారు కూడా. అది ఇప్పటికీ బీరువాలో ఉంది, గోరుతో గీకితే పెచ్చు లేస్తుంది.

బర్కుల్ ఒడ్డు కాళీజాయి గుడి ఉన్న దీవికి దగ్గర, ఆదివారం వెళ్తే తిరునాళ్ళే. ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అని ఇంకో ఊరుంది. ఒకప్పుడు పక్షుల్ని వేటాడినవాళ్ళే అక్కడ ఇప్పుడు గైడ్లు. ఇంజను లేని పడవని గెడతో తోసుకుంటూ పోతారు, పక్షి రెక్క విప్పకముందే దాని పేరు చెబుతారు. గైడ్ అంటే ఎలా ఉండాలో చూడాలంటే అక్కడికి వెళ్ళాలి. కానీ గాలం పట్టుకుని వెళ్ళే చోటు కాదు.

మిగిలింది మా గంజాం జిల్లాలోని రంభ. కారులో మాకు గంట. చిల్కాకి ఇది దక్షిణపు మూల. కొండలు నీటి అంచుదాకా దిగి ఉంటాయి, దీవుల చుట్టూ రాళ్ళు, నీళ్ళు కాస్త లోతు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే ముఖం వైపు నుంచి పాలూరు కాలువ ఇక్కడికే వచ్చి కలుస్తుంది. రాళ్ళు, ఉప్పునీటి దారి రెండూ ఉన్నాయంటే పండుగప్ప ఉంటుందని తమ్ముడి లెక్క. ఆ లెక్క తప్పు కాదు.

మా స్కూల్లో ప్యూను తన చుట్టం ఒకాయన్ని చూపించాడు. గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరుల్ని ఒడియావాళ్ళు నోళియాలంటారు. ఈ పడవాయన తల్లిది అలాంటి ఊరు, తండ్రి రంభ వైపు ఒడియా. మాట సగం అటు, సగం ఇటు. "ఏ చేప ఎక్కడ దొరుకుతుంది?" అని నేనడిగాను. అతను దానికి జవాబు చెప్పకుండా, "ఏ రోజు ఒస్తారు? గాలి ఎటుందో సూడాల" అన్నాడు. నాకు అతని మీద నమ్మకం కుదిరింది అక్కడే. 3,500 అడిగి 2,800కి ఒప్పుకున్నాడు, డీజిల్, ఎర కలిపి, పొద్దున్న ఐదున్నర నుంచి పదకొండు దాకా. పడవ ఫోటో చూసి బేరమాడకండి. నడిపే మనిషితో పావుగంట మాట్లాడండి. పడవలన్నీ దాదాపు ఒకటే, మనుషులు కాదు.

ముందు రోజు రాత్రి బస గురించి తక్కువ చెబితేనే మంచిది. హైవే పక్కన ఒక ప్రైవేటు లాడ్జి, పేరు ఎందుకులెండి. ఆన్‌లైన్‌లో సరస్సు కనబడే గది అని రాశారు. మేడెక్కి నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే కనబడుతుంది, అబద్ధమని అనలేం. రాత్రంతా లారీల హారన్లు. నాలుగున్నరకి బయల్దేరదామంటే గేటుకి తాళం, వాచ్‌మన్ మంచి నిద్రలో ఉన్నాడు, ఇరవై నిమిషాలు పోయాయి. తెల్లవారుజామున బయటపడే పని ఉంటే తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో ముందు రాత్రే అడగండి. రెండో రాత్రి ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌కి మారాం. అది నీటి ఒడ్డునే ఉంది, మంచం మీద నుంచి లేచి నాలుగడుగులు వేస్తే సూర్యోదయం. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి.

పడవ విషయానికొస్తే, చెక్క పడవ, వెనక మోటారు. దాని చప్పుడుని బట్టే ఇక్కడ భుట్‌భుటి అంటారు. లైఫ్ జాకెట్లు నాలుగు, అందులో రెండింటికి బకిల్ లేదు, తాడుతో కట్టాడు. మా అబ్బాయికి సరిపోయే చిన్నది పక్క పడవ నుంచి తెప్పించాడు, అది మాత్రం అడక్కుండానే. నీడకి ఏమీ లేదు, టోపీలు మనవే తీసుకెళ్ళాలి.

మంచు ఇంకా విడలేదు. ఘంటశిల కొండ వైపు పోతుంటే కుడిపక్క నీళ్ళలో పొగలా లేచి మాయమయ్యే పక్షుల బారు. దారిలో బీకన్ దీవి మీది స్తంభం పడవాయన చూపించాడు. దాన్ని ఒకప్పుడు గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ అనే ఇంగ్లీషు దొర కట్టించాడు. రంభ రాజుగారి మేడ కూడా మొదట ఆయనదే, తర్వాత ఖల్లికోట రాజులు కొనుక్కున్నారు. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక్కటి కావాలని పోరాడిన ఉత్కళ సమ్మిళని అనే సంఘానికి 1903లో బీజం పడ్డది ఆ మేడలోనే. అంటే 1936లో మా బరంపురం ఒడిశాలోకి రావడానికి దారి తీసిన మాటలు మొదలైంది ఇక్కడే. తమ్ముడికి ఇవేవీ పట్టలేదు. అప్పటికే రీలు బిగిస్తున్నాడు.

వాడు మెరిసే రబ్బరు చేప తగిలించి రాళ్ళ వైపు విసిరాడు. విసిరాడు, లాగాడు, విసిరాడు. అరగంటకి రెండు గుప్పిళ్ళ నాచు వచ్చింది. పడవాయన బీడీ ఆర్పి, "ఆ రబ్బరు సేప మీ నీల్లల్లో తింతాయేమో బావూ, ఇక్కడోటికి అలవాటు నేదు" అన్నాడు. తర్వాత కుండలోంచి బతికున్న చిన్న రొయ్యని తీసి తోక దగ్గర గాలం గుచ్చి ఇచ్చాడు. వీపు దాకా పొడిస్తే చచ్చిపోతుందట, చచ్చిన రొయ్య కదలదు, కదలని ఎర వైపు పండుగప్ప చూడదట. అతని సరంజామా ఒక చెక్క ముక్క, దానికి చుట్టిన లావు నైలాను దారం, ఒక సీసపు గుండు. దారాన్ని చూపుడువేలు మీద ఆనించి కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. కిందున్నది రాయో, ఇసకో, గడ్డో ఆ వేలికి తెలుస్తుంది. రెండుసార్లు పడవని నాలుగైదు బారలు పక్కకి జరిపించాడు. మాకు నీళ్ళన్నీ ఒకేలా కనబడ్డాయి.

మొదట పడ్డది జెల్ల. మా అబ్బాయి సంబరంగా చెయ్యి చాచబోతే పడవాయన ఒక్క అరుపు అరిచాడు. దాని ముళ్ళు గుచ్చుకుంటే చెయ్యి బూరెలా వాస్తుంది. పట్టకారుతో మూడు ముళ్ళూ విరిచాకే పడవలో వేశాడు. తర్వాత ఇంకో జెల్ల, ఆ తర్వాత అరచేతిలో పట్టేంత కుండళ అనే చేప. తమ్ముడు ఫోటోకి పట్టుకుంటే, "ఒగ్గీండి బావూ, అది పిల్ల" అని తనే తీసుకుని నీళ్ళలో వదిలేశాడు. మర్యాదగా మాట్లాడే మనిషే, చేప దగ్గర మాత్రం మొహమాటం లేదు.

ఎనిమిదిన్నరకి అసలుది తగిలింది. తమ్ముడి కర్ర విల్లులా వంగింది, రీలు గిర్రున తిరిగింది. ఒక్కసారి వెండి పొట్ట నీళ్ళ మీదికి లేచి తల విదిలించింది. "రాయి కాడికి పోనీకండి, పోనీకండి!" అని అరుస్తుండగానే అది రాతి సందులోకి దూరింది, దారం తెగింది. రాళ్ళకి అంటుకున్న గుల్లలు బ్లేడుల్లా ఉంటాయి, వాడి సన్నటి దారం ఎంత? రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. మా ఆయన మాత్రం, "మిషిగన్‌లో దారం ఎంత మందం ఉంటుందిరా?" అని అడిగారు. బావగారి మీద వాడికి కోపమొచ్చినా పైకి అనలేదు.

తొమ్మిదిన్నరకి ఉత్తరపు గాలి లేచింది, అలలు పడవ పక్కకి కొట్టడం మొదలైంది. ఇంక గాలం పని అవదని, తెలిసినవాళ్ళ ఖొండాల దగ్గరికి తీసుకెళ్ళాడు. వెదుళ్ళు పాతి వలతో గోడలా కట్టి, దాని చివర పెట్టెలు పెడతారు. రాత్రి రొయ్యలు, పీతలు గోడ వెంట నడుచుకుంటూ వచ్చి పెట్టెలో పడతాయి. ఆ ఆసామి మాతో కబుర్లు చెబుతూనే మండపీత డెక్కల్ని జనపనార తాడుతో రెండు చుట్లలో కట్టేశాడు. మా అబ్బాయికి పొద్దుటి నుంచి నచ్చింది ఇదొక్కటే. రెండు పీతలు కొన్నాం, 720 రూపాయలు.

మగవాళ్ళు రాసే యాత్రా కబుర్లలో కనబడని సంగతి ఒకటి. ఐదున్నర గంటలు పడవలో బాత్రూమ్ లేదు, దీవుల్లో కూడా మాకేమీ కనబడలేదు. నేను పొద్దున్న టీ కూడా తాగకుండా ఎక్కాను, పదింటికి తలనొప్పి. ఈసారైతే మధ్యలో ఒకసారి ఒడ్డుకి చేర్చాలని బేరంలోనే పెడతాను. ఆడవాళ్ళుంటే మీరూ పెట్టండి.

వంటకి ఒడ్డున ఒక చిన్న హోటల్లో ఇచ్చాం. చేపలు మనవి, వండినందుకు 250. "ఆవ తక్కువ వేయండి, చింతపండు వేయండి" అని చెప్పి వచ్చాను. ఆవిడ రెండింటికీ తలూపి, తన పద్ధతిలోనే ఆవ ముద్దతో వండింది. జెల్ల పులుసు ఆవతో నాకు నచ్చలేదు. పీత మాత్రం అదిరింది, అందులో ఆవే రుచి. రంభలో వంటకి ఇస్తే వాళ్ళ పద్ధతికే వదిలేయండి.

మూడో రోజు తమ్ముడిని భువనేశ్వర్ విమానాశ్రయానికి తీసుకెళ్తుంటే బాలుగావ్ దాటాక పడవాయన ఫోన్. అదే రాయి దగ్గర పొద్దున్న పండుగప్ప పడిందట, మూడు కిలోలు పైనే. నోట్లో మా వాడి గాలం ఇంకా ఉందట. "గేలం దాసి ఉంచమంటారా బావూ?" అని స్పీకర్‌లో అడుగుతున్నాడు. తమ్ముడు కిటికీలోంచి సరస్సు వైపు చూస్తూ, "చేప ఎంతకి అమ్మాడో అడగక్కా" అన్నాడు.