ఎల్క్ వేటకి తేలికపాటి ట్రైపాడ్: కొన్ని సీజన్లు వాడాక

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి వెళ్లేవాళ్లు తుపాకీ గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. ట్రైపాడ్ సంగతి అడిగితే మాత్రం "ఏదో ఒకటి, తేలిగ్గా ఉంటే చాలు" అంటారు. నేను వాడేది కార్బన్ ఫైబర్‌ది, హెడ్‌తో (పైన బైనాక్యులర్స్ బిగించే భాగం) కలిపి కిలోన్నర లోపే. గన్నిసన్ వైపు కొండల్లో, తొమ్మిది పదివేల అడుగుల ఎత్తులో కొన్ని సీజన్లుగా మోస్తున్నాను. తేలికగా ఉండడం మంచిదే. అయితే ఆ బరువు ఎక్కడ తగ్గించారో చూసి కొనాలి.

వేటకి ట్రైపాడ్ ఎందుకని మనవాళ్లు అడుగుతుంటారు. రోజులో ఎక్కువ భాగం ఒకచోట కూర్చుని ఎదుటి కొండని బైనాక్యులర్స్‌తో వెతకడంతోనే సరిపోతుంది. పది రెట్లు దగ్గరగా చూపించే బైనాక్యులర్స్‌ని చేత్తో పట్టుకుంటే చేతి వణుకూ పది రెట్లు కనిపిస్తుంది. నడిచే జంతువు ఎలాగూ కంటపడుతుంది. ఆస్పెన్ చెట్ల నీడలో పడుకుని చెవి మాత్రం విదిలించేది ట్రైపాడ్ లేకుండా దొరకదు. పైగా ఇక్కడ చాలా యూనిట్లలో (వేట కోసం విభజించిన ప్రాంతాల్లో) మగ ఎల్క్‌ని కొట్టాలంటే ఒక కొమ్ముకి కనీసం 4 మొనలుండాలి, లేదా నుదుటి దగ్గరి మొన కనీసం 5 అంగుళాలుండాలి. అది దూరం నుంచి తేల్చుకోవాలంటే స్పాటింగ్ స్కోప్ (చిన్న టెలిస్కోప్) కావాలి. నలభై రెట్లలో స్కోప్‌కి చిన్న గాలి తగిలినా కొమ్ములు అలికేసినట్టు కనిపిస్తాయి.

నా దృష్టిలో డబ్బు పెట్టాల్సింది హెడ్ మీద. సెట్‌తో పాటు ఇచ్చే, బంతి కీలు మీద అన్నివైపులా వాలే బాల్ హెడ్ ఫొటోలకి బాగుంటుంది, వెతకడానికి విసుగు. లాక్ కాస్త వదులు చేయగానే బైనాక్యులర్స్ ముందుకి వాలిపోతాయి, బిగిస్తే చూస్తున్న చోటు జారిపోతుంది. ఒక చిన్న హ్యాండిల్ ఉన్న ప్యాన్ హెడ్ పెట్టుకున్నాక కొండని ఎడమ నుంచి కుడికి, తర్వాత ఒక వరస కిందికి, హాయిగా తిప్పుకోవచ్చు. దీనికి వంద, నూటయాభై గ్రాములు పెరిగినా పర్లేదు. బైనాక్యులర్స్ బిగించే స్క్రూకి రంధ్రం చాలా మోడళ్లలో మధ్య కీలు ముందున్న చిన్న మూత కింద ఉంటుంది. కొనేముందు మీ దాంట్లో ఉందో లేదో చూసుకోండి.

బరువు తగ్గించాల్సింది ఎత్తులో. మనం చూసేది కూర్చునే కదా! మధ్య కడ్డీ లేనిది తీసుకుంటే నేలకి దగ్గరగా దిగుతుంది, వణుకూ తక్కువ. నాది నాలుగు సెక్షన్ల కాళ్లు. ఐదు సెక్షన్లవి మడిస్తే ఇంకా పొట్టిగా అవుతాయి గానీ చివరి గొట్టం పుల్లలా ఉండి గాలికి ఊగుతుంది. గాలి ఎక్కువైతే కింద హుక్‌కి బ్యాగు తగిలిస్తాను, అది నేలకి ఆనేలా. గాల్లో వేలాడితే ఉన్న ఊపుకి ఇంకాస్త ఊపు తోడవుతుంది.

నవంబర్ చలిలో అల్యూమినియం పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. కార్బన్‌తో ఆ బాధ తక్కువ. తిప్పి బిగించే లాకులు గ్లవ్స్‌తోనూ తిరుగుతాయి కానీ వాటిలో దుమ్ము చేరితే కరకరమంటాయి. సీజన్ అయ్యాక విప్పి, తుడిచి, కొంచెం గ్రీజు రాస్తే చాలు. ఒక కాలి రబ్బరు బురదలో ఊడి పోయింది. కంపెనీకి రాస్తే జవాబు లేదు, వేరేది కొని అతికించాను.

తుపాకీ ఆనించి కాల్చడానికి మాత్రం దీన్ని నమ్మను. దానికి వెడల్పాటి కాళ్లున్న బరువైనది కావాలి. నేనైతే బ్యాగు మీదే ఆనిస్తాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఎటూ లేదు. నేలపట్టులో పక్షులు చూసే మా తమ్ముడు ఇదే కొంటానంటే వద్దన్నాను. వాడు గట్టు మీద నిలబడి చూస్తాడు, వాడికి కంటి ఎత్తుకి వచ్చేదే కావాలి. కారు దిగి పది నిమిషాల నడకకి రెండున్నర కిలోల అల్యూమినియందైనా భారం కాదు, ధరా సగమే.