పాత జిప్సీలో ఎంపీఎఫ్ఐ ఇంజన్: ఎనిమిదేళ్లు నడిపాక

నాది 1991 మారుతీ జిప్సీ, ఎంజీ410 మోడల్. దాని 970 సీసీ కార్బురేటర్ ఇంజన్ దించేసి, 2016లో 1.3 లీటర్ల పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్క ప్రకారం ఒక్కో సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే రకం) ఎక్కించాను. అప్పట్నుంచి 64 వేల కిలోమీటర్లు తిరిగాను. రోజూ హైదరాబాద్‌లో మెహదీపట్నం ట్రాఫిక్, నెలకోసారి వికారాబాద్, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలం.

పాత ఇంజన్‌కు అప్పటికే రెండుసార్లు బోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ తొలిచి సరిచేయడం) అయింది. నలుగురం కూర్చుంటే అనంతగిరి ఘాట్‌లో సెకండ్ గేరు దాటేది కాదు. అది 45 హార్స్‌పవర్ బండి, కొత్త ఇంజన్ 80. ఇప్పుడు అదే ఘాట్ థర్డ్‌లో ఎక్కుతుంది, పొద్దున్నే చోక్ లాగే పని లేదు. సిటీలో లీటరుకు తొమ్మిదిన్నర, హైవే మీద పన్నెండు ఇస్తుంది. ఇంజన్ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నన్ను ఏడిపించినవన్నీ ఇంజన్ చుట్టూ ఉన్నవే: వైర్లు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి వెళ్లే దారి), పెట్రోల్ పైపు, రేడియేటర్ నీళ్లు. ఈ పనికి దిగబోయేవాళ్లు ఇంజన్ ధర గురించి అడుగుతారు గానీ వీటి గురించి ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

పానా పట్టకముందే కాగితాలు చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా మార్పులు కుదరవని సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అదే ఏడాది జరిగిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. నేను ఎక్కించింది అదే కంపెనీ, అదే జిప్సీ ఇంజన్. అయినా ముందే దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికొచ్చాకే పాతది దించాను. ఏడు వారాలు పట్టింది. వేరే కంపెనీ ఇంజన్ ఎక్కించాలనుకునేవాళ్లు ఆర్టీఏ ఆఫీసులో అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి. అమ్మేవాడి దగ్గర బిల్లు, ఆ పాత బండి ఆర్సీ రద్దయిన కాగితం తీసుకుని, ఇంజన్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీసి, ఆ కాగితాల్లోని నంబరూ అదీ ఒకటేనా చూసుకోండి. దొంగ బండి ఇంజన్ అయితే దాని కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

పుత్లీబౌలిలో, ఆటోనగర్‌లో తిరిగినప్పుడు పాత ఇంజన్లు అమ్మేవాళ్లందరూ నాకు మారుతీ ఎస్టీమ్ కారు ఇంజన్ అంటగట్టాలని చూశారు. "అదే ఇంజన్ సార్, సగం ధరకే వస్తది" అన్నారు. రెండు ఇంజన్ల కుటుంబం ఒకటే, నిజమే. కానీ ఎస్టీమ్‌లో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది, జిప్సీలో నిలువుగా కూర్చుంటుంది. జిప్సీ ఇంజన్ కింద ముందు యాక్సిల్ తిరుగుతుంది కాబట్టి ఆయిల్ చాంబర్ ఆకారం వేరు. మౌంటింగులు వేరు, గేరుబాక్సు వేరు, వైరింగ్ వేరు. ఇవన్నీ ఒక్కొక్కటే వెతికి కొంటే మిగిలిన సగం ధరా అక్కడే పోతుంది. నేను యాక్సిడెంటైన 2009 జిప్సీ నుంచి మొత్తం సెట్టు తీసుకున్నాను: ఇంజన్, ఐదు గేర్ల బాక్సు, ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె), ట్యాంకులో పంపు, ఆక్సిజన్ సెన్సార్‌తో సహా ఎగ్జాస్ట్, వైరింగ్ మొత్తం. కొనేముందు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించాను, నాలుగూ దాదాపు సమానంగా వచ్చాయి. నేను తీసుకున్న నిర్ణయాల్లో అన్నిటికంటే మంచిది ఇదే.

వైరింగ్ దగ్గర గ్యారేజీవాళ్లు తొందరపడ్డారు. పాత బండి ఫ్యూజు బాక్సుకు, కొత్త హార్నెస్‌కు (ఇంజన్ వైర్ల కట్టకు) మధ్య వైర్లు కోసి, చేత్తో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. పన్నెండు రోజుల్లో బండి చేతికిచ్చారు, మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగితే చాలు ఇంజన్ ఆగిపోయేది. రోజుకోసారి, ఒక్కోసారి మూడుసార్లు. లక్డీకాపూల్ సిగ్నల్‌లో వెనక ఆర్టీసీ బస్సు, పక్కన పిల్లల స్కూల్ ఆటో. నా బండి కదలదు. పంపు మార్చారు, సెన్సార్ మార్చారు, చివరికి వేరే ఈసీఎం పెట్టి చూశారు. ఆరు వారాలు, ఇరవై రెండు వేలు పోయాయి.

అప్పుడు ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. ఉస్తాద్ బానెట్ ఎత్తి దేన్నీ విప్పలేదు. మల్టీమీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్‌కు, ఇంకో వైరు ఇంజన్ బ్లాకుకు పట్టుకుని "ఇప్పుడు ఫ్యాన్ తిరగనియ్యిండ్రి" అన్నాడు. రేడియేటర్ ఫ్యాన్ అందుకోగానే మీటరు 0.9 వోల్టులు చూపించింది. ఎర్త్ బాగుంటే అక్కడ 0.1, 0.2 మించి రాకూడదు. ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద ఎర్త్ బోల్టు విప్పి చూస్తే దాని కింద నిగనిగలాడే కొత్త నల్ల పెయింటు! ఇంజన్ దించినప్పుడు ఛాసిస్‌కు రంగు వేయించింది నేనే. ఆ రంగు మీదే ఎర్త్ బిగించారు. ఫ్యాన్ కరెంటు వెనక్కి వెళ్లే దారి సరిగ్గా లేక ఈసీఎంకు వోల్టేజీ పడిపోతోంది, ఇంజన్ ఆగుతోంది. ఉస్తాద్ ఎమ్రీ పేపరుతో రూపాయి బిళ్లంత మేర ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. ఇంజన్ నుంచి ఛాసిస్‌కు ఒకటి, బాడీకి ఒకటి, బ్యాటరీకి ఒకటి లావుపాటి ఎర్త్ తీగలు వేసి, బిగించాక పైన గ్రీజు రాశాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. ఆ రోజు నుంచి సిగ్నల్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. మెలిపెట్టిన జాయింట్లన్నీ తర్వాత ఆయన చేతే టంకం వేయించి, స్లీవ్ వేడిచేయించి మూయించాను.

పెట్రోల్ పైపు సంగతి ఇంకా భయంకరం. మొదటి శ్రీశైలం ప్రయాణంలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర ఆగితే మా ఆవిడ "పెట్రోల్ వాసన వస్తోందండీ" అంది. కిందికి వంగి చూస్తే ఫిల్టర్ దగ్గర రబ్బరు పైపు చెమట పట్టినట్టు తడిగా ఉంది, జానెడు దూరంలో సైలెన్సర్. అందర్నీ దింపి, బ్యాటరీ తీగ పీకేశాను. కార్బురేటర్‌కు పెట్రోల్ అందించే పంపు అర కేజీ ఒత్తిడి కూడా ఇవ్వదు. ఎంపీఎఫ్ఐ పంపు రెండున్నర నుంచి మూడు కేజీల దాకా ఇస్తుంది. గ్యారేజీవాళ్లు పాత పైపునే ఉంచేశారు. ఇంజెక్షన్ బండ్లకు వచ్చే హైప్రెషర్ పైపు, దాని క్లాంపులే వేయించండి. ఇంజన్ ఆగగానే పంపు కూడా ఆగేలా, దాన్ని ఆన్ ఆఫ్ చేసే రిలే స్విచ్చు ఈసీఎం నుంచే ఉండాలి, నేరుగా తాళం స్విచ్చుకు కలపనివ్వకండి. ట్యాంకు లోపల తుప్పు కడిగించడం కూడా ఆ పనిలోనే పెట్టుకోండి.

నీళ్ల విషయంలో మన ఊరికి ప్రత్యేకమైన కష్టం ఉంది. మా కాలనీ బోరు నీళ్లు బకెట్లలో తెల్లటి పొర కట్టేంత ఉప్పగా ఉంటాయి. గ్యారేజీలో రేడియేటర్‌ను అవే నీళ్లతో నింపారు. పాత ఇంజన్ బ్లాకు పోత ఇనుము, ఏదోలా తట్టుకుంది. ఈ ఇంజన్ బ్లాకు, హెడ్డు రెండూ అల్యూమినియం. ఏడాదికి థర్మోస్టాట్ హౌసింగ్ విప్పితే లోపల సున్నం పట్టి, అంచు పురుగు తిన్నట్టు గుంటలు పడి ఉంది. కడిగించి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ చెరి సగం పోయించాను. రేడియేటర్ కూడా మూడు వరుసలది వేయించి, ఫ్యాన్ చుట్టూ గాలి పక్కలకు పోకుండా ష్రౌడ్ (తొడుగు) పెట్టించాను. మే నెల మధ్యాహ్నం టోలీచౌకి జామ్‌లో నలభై నిమిషాలు ఇరుక్కున్నా ఇంజన్ వేడి చూపే ముల్లు సగం దాటలేదు.

బ్రేకులు మాత్రం మొదటి రోజే జిప్సీ కింగ్‌వి (తర్వాత వచ్చిన 1.3 లీటర్ల జిప్సీవి) వేయించాను, మాస్టర్ సిలిండర్, బూస్టర్‌తో సహా. బలం దాదాపు రెట్టింపు చేసి పాత బ్రేకులతో రోడ్డెక్కితే పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది. క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, వెనక ఆయిల్ సీలు, టైమింగ్ బెల్టు ఇంజన్ బయట ఉన్నప్పుడే మార్పించాను. బండిలో కూర్చున్నాక అవే పనులకు రెండింతల కూలీ.

మొత్తం రెండు లక్షల పదివేలు అయింది. అందులో ఇంజన్ సెట్టు 72 వేలే. ఔటర్ రింగ్ రోడ్డు మీద 90 దాటితే ఇప్పటికీ మాటలు వినపడవు, కమాను పట్టీలు నడుం విరగ్గొడతాయి, థర్డ్ గేరులో సన్నటి మూలుగు ఉంది. అది ఇంజన్ మార్చినా పోదు. ఏటా ఉగాదికి ముందు మూడు ఎర్త్ బోల్టులూ విప్పి, గీకి, గ్రీజు రాసి బిగిస్తాను. వచ్చే నెల టైమింగ్ బెల్టు మళ్లీ మార్చాలి. దాంతోపాటే వాటర్ పంపు కూడా వేయిస్తాను.